ఎనభై దగ్గర ఆపమని అడిగాను

"బ్యాటరీ ఉబ్బింది. కారణం: వినియోగదారు నిర్లక్ష్యం."

ఆఫీసు నుంచి ఫోన్‌కు వచ్చిన మెయిల్‌లో అసలు సంగతి ఈ రెండు ముక్కలే. మిగతాదంతా ఫారం నంబరు, నా ఉద్యోగి నంబరు. మా ఇంటి మెట్ల మీద కూర్చుని దాన్ని నాలుగైదు సార్లు చదివాను. కోపం వస్తే నాకు మాట పెగలదు. ఆ రోజూ అంతే అయింది. ఏం రాశారని మా బాపు అడిగితే ఫోన్ ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయాను. ఆయనకు ఇంగ్లిష్ రాదన్న సంగతి కూడా అప్పుడు గుర్తు లేదు.

ఈ సంగతి మొదటి నుంచి చెప్పాలి. మధ్యలో నుంచి చెప్తే తప్పు నాదే అనిపిస్తుంది. వాళ్లు మధ్యలో నుంచే చెప్పారు.

మాది చేవెళ్ల నుంచి లోపలికి వెళ్తే వచ్చే ఒక చిన్న ఊరు. బాపు బంతి, చామంతి వేస్తాడు. నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం చేసేదాన్ని. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా పని. రోజూ బస్సు పట్టుకుని, మొయినాబాద్ దాటి, అప్పా జంక్షన్‌లో దిగి, అక్కణ్నుంచి షేర్ ఆటోలో ఆఫీసుకు చేరేదాన్ని. అందరినీ ఇంటి నుంచే పని చేయమన్నాక ఆ ప్రయాణం తప్పింది. మా ఇంటి మీద రేకుల గది ఒకటుంటే అందులో బల్ల వేసుకుని కూర్చున్నాను. ఎండాకాలం ఆ గది ఎట్లా ఉంటుందో రేకుల కింద ఉన్నవాళ్లకే తెలుసు. కింద గదుల్లో ఫోన్ సిగ్నల్ అందేది కాదు. కరెంటు పోయినప్పుడు నెట్ కోసం నాకు ఫోనే దిక్కు, అందుకని ఆ గది తప్పలేదు.

మొదటి నెలలోనే మెడ పట్టేసింది. చిన్న తెర మీద పొద్దంతా వందల వరుసలు చూడటం వల్ల తలనొప్పి కూడా మొదలైంది. పెద్ద మానిటర్ కావాలని అడిగితే ఆఫీసు వాళ్లు, అది ఆఫీసులో కూర్చునేవాళ్లకే ఇస్తామన్నారు. అప్పుడు మొయినాబాద్ రోడ్డు మీదున్న సేటు దగ్గరికి వెళ్లాను.

సేటు జిరాక్స్ షాపు నడుపుతాడు. అంతకుముందు చాలా ఏళ్లు అదే షాపులో నెట్ సెంటర్ ఉండేది. నా ఇంటర్ రిజల్ట్ చూసుకున్నది అక్కడే. జనమంతా ఫోన్లలోనే చూసుకోవడం మొదలుపెట్టాక కుర్చీలు తీసేసి, మానిటర్లు అటక మీద పెట్టాడు. వాటిలో మంచిది ఒకటి దించి, దుమ్ము తుడిచి, నా ల్యాప్‌టాప్‌కు వైరు తగిలించి చూపించాడు. బొమ్మ బాగానే వచ్చింది.

"పొద్దంతా దీనికే తగిలిచ్చి పని చేస్తవా చెల్లె?" అని అడిగాడు.

"అవును అన్నా. ల్యాప్‌టాప్ మూత మూసి పక్కకు పెడ్త. మౌసు, కీబోర్డు వేరే ఉన్నయి."

"చార్జర్?"

"పెట్టే ఉంటది."

సేటు తల అడ్డంగా ఊపాడు. "గట్ల చెయ్యకు. పొద్దంతా నూటికి నూరు నింపి పెడితే బ్యాటరీ చెడిపోతది. అందులో మూత మూస్తె వేడి బయటికి పోదు. మీది రేకుల గది అంటివి. ఆరు నెల్లు గూడ ఆగదు."

"మరి చార్జర్ తీస్తే ఎట్ల? మధ్యల కరెంటు పోతది కదా."

"తీసుడు కాదు. ఎనభై దగ్గర ఆగేటట్టు సెట్టింగ్ ఉంటది. చార్జర్ పెట్టే ఉన్నా అంతకంటె పైకి పోదు. బ్యాటరీకి ఆయిష్షు పెరుగుతది. దా, చూపిస్త."

చూపించబోయాడు. సెట్టింగ్ తెరిచేసరికి పాస్‌వర్డ్ అడిగింది. నా పాస్‌వర్డ్ కొడితే ఒప్పుకోలేదు. అది ఆఫీసు వాళ్ల దగ్గర ఉండే పాస్‌వర్డ్. "మీ కంపెనోళ్లు తాళం వేసిన్రు. వాళ్లను అడుగు, రెండు నిమిషాల పని" అన్నాడు సేటు. మానిటర్‌ను గోనె సంచిలో చుట్టి నా చేతికిచ్చాడు.

రెండు నిమిషాల పని. నేను ఆ మాట నమ్మాను.

మా కంపెనీలో కంప్యూటర్ల బాగోగులు చూసే విభాగానికి ఏదైనా చెప్పాలంటే టికెట్ పెట్టాలి, అంటే ఒక ఫారం నింపి పంపాలి. పంపాను. మానిటర్‌కు తగిలించి పని చేస్తున్నాననీ, చార్జర్ రోజంతా ఉంటుందనీ, గది వేడిగా ఉంటుందనీ, బ్యాటరీ ఎనభై శాతం దగ్గర ఆగేటట్టు పెట్టమనీ రాశాను. మరునాడు జవాబు వచ్చింది. ఈ సెట్టింగ్ మార్చడానికి పాలసీ ఒప్పుకోదట. టికెట్ మూసేశారు. వారం ఆగి రెండోది పెట్టాను. అదే జవాబు, కింద వేరే పేరు. మూడోదాంట్లో బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉందని కూడా రాశాను. దానికి మనిషి జవాబు కూడా రాలేదు, మెషీనే పంపింది. మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని అడిగింది.

ఇక లాభం లేదని చేతితోనే చేయడం మొదలుపెట్టాను. బ్యాటరీ నలభైకి దిగగానే చార్జర్ పెట్టడం, ఎనభైకి రాగానే తీయడం. ఫోన్‌లో అలారాలు పెట్టుకున్నాను. మూత కూడా తెరిచే ఉంచాను, వేడి పోవడానికి. బల్ల చిన్నది కాబట్టి నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని రాసుకునేదాన్ని. అలారం మోగినప్పుడల్లా కింద నుంచి మా అవ్వ, అంటే అమ్మ, "అన్నం టైమైందా?" అని అడిగేది. నెలన్నర అట్లా నడిచింది. అది వెర్రిపనే, ఒప్పుకుంటాను. ఒక సెట్టింగ్ చేయాల్సిన పనిని ఒక మనిషి రోజుకు ఆరేడు సార్లు లేచి కూర్చుని చేయడం. అయినా బ్యాటరీ చల్లగా ఉండేది. చేయి పెట్టి చూసుకునేదాన్ని.

ఆ తరువాత ఆ మధ్యాహ్నం వచ్చింది.

అవతలి దేశంలోని కస్టమర్‌కు మా పని చూపిస్తున్నాం. తెర నేనే పంచుకుంటున్నాను. బ్యాటరీ నలభై మూడు దగ్గరుంది, ఇంకాసేపట్లో చార్జర్ పెట్టాలి. అంతలో గాలిదుమారం లేచి కరెంటు పోయింది. మానిటర్ ఆరిపోయింది. ఫోన్ నుంచి నెట్ కలుపుకుని ల్యాప్‌టాప్ తెర మీదే నడిపించాను. గంటలో ముగియాల్సిన మీటింగ్ ప్రశ్నల మీద ప్రశ్నలతో రెండో గంటలోకి వెళ్లింది. కరెంటు రాలేదు. నా లీడ్‌కు, అంటే మా టీమ్‌ను నడిపే ఆయనకు, చాట్‌లో రాశాను. బ్యాటరీ అయిపోతోంది, ఇంకొకరిని తెర పంచుకోమనండి అని. ఆయన చూసినట్టు గుర్తు పడింది గానీ జవాబు రాలేదు. మాట మధ్యలో ల్యాప్‌టాప్ ఆరిపోయింది.

మరునాడు పొద్దున టీమ్ అంతా ఉన్న కాల్‌లో ఆయన అడిగాడు. "నిన్న డెమో మధ్యలో మీరు ఎందుకు మాయమయ్యారు?"

"కరెంటు పోయింది. బ్యాటరీ నలభై చిల్లరే ఉండె."

"నలభై ఎందుకు ఉంది? చార్జర్ పెట్టుకోవడం కూడా తెలియదా?"

నేను చెప్పాను. ఎప్పుడూ నిండుగా ఉంచితే బ్యాటరీ పాడవుతుందని, సెట్టింగ్ కోసం మూడు టికెట్లు పెట్టానని, ఆ సెట్టింగ్ ఉంటే నిన్న ఎనభై ఉండేదని, డెమో మొత్తం నడిచేదని. ఆయన పూర్తిగా వినలేదు.

"బ్యాటరీ మీద ఉన్న ప్రేమ ప్రాజెక్ట్ మీద కూడా కొంచెం ఉంటే బాగుండేది" అన్నాడు.

ఇద్దరో ముగ్గురో నవ్వారు. నవ్విన వాళ్లు చెడ్డవాళ్లు కారు. లీడ్ జోకు వేస్తే నవ్వడం అలవాటు, అంతే. కానీ ఆ నవ్వు నా చెవుల్లో చాలా రోజులు ఉండిపోయింది. కాల్ అయ్యాక ఆయన టీమ్ చాట్‌లో అందరికీ రాశాడు: "ఇక నుంచి ల్యాప్‌టాప్ ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉండాలి. సాకులు వద్దు." దాని కింద అందరూ బొటనవేలు బొమ్మ పెట్టారు. నేనూ పెట్టాను.

ఆ బొటనవేలు గురించి నా మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. మిగతా వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. తెలిసీ పెట్టాను. ఆ రోజు నుంచి చార్జర్ తీయలేదు. అలారాలన్నీ ఫోన్‌లో నుంచి తీసేశాను. తెరిచి ఉంచిన మూతను కూడా పట్టుదలతోనే మూసేశాను. మీకు కావాల్సింది ఇదే కదా, తీసుకోండి అన్నట్టు. మూత మూసింది నేనే, ఎవరూ చెప్పలేదు. అది మాత్రం ఒప్పుకుంటాను.

ఎండాకాలం వచ్చింది. మధ్యాహ్నం గోడ మీద చేయి పెట్టలేకపోయేదాన్ని. మానిటర్ చూస్తూ, వేరే కీబోర్డు కొడుతూ కూర్చుంటే పక్కన మూసి ఉన్న ల్యాప్‌టాప్ వైపు చూసే అవసరమే రాదు. అది బల్ల మీద ఒక పలకలా పడి ఉండేది. దాని లోపల ఏం జరుగుతోందో నాకు తెలియలేదు.

ఒక రోజు మానిటర్ వైరు వదులైతే సరిచేద్దామని ల్యాప్‌టాప్‌ను జరిపాను. బల్ల మీద గిర్రున తిరిగింది. అడుగు సమంగా లేదు. వంగి చూస్తే మూతకూ కింది భాగానికీ మధ్య వేలు పట్టేంత సందు ఉంది. మూత తెరిస్తే కీల కింద ఉండే టచ్‌ప్యాడ్ పైకి ఉబికి పగిలినట్టు ఉంది. నొక్కితే కదలడం లేదు. వెనుక అట్ట మధ్యలో బొడిపెలా లేచింది. మాగిన పండ్ల వాసనలాంటిది కొంచెం వచ్చింది.

బాపును పిలిచాను. ఆయన మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"ముట్టకు బిడ్డా. చార్జర్ గోడ కాడ తియ్యి, దాని కాడ కాదు."

తీశాను. "ఏమైతది బాపూ?"

"మన మందు కొట్టే పంపు బ్యాటరీ గూడ గిట్లనే ఉబ్బలేదా? నేను పొద్దంతా చార్జింగ్ పెట్టి మర్చిపోతి. అది వేరే రకం గనుక పగిలి ఊకున్నది. ఇది మంట లేపుతదని టీవీల చూపెట్టిన్రు."

ల్యాప్‌టాప్ ఆపేశాను. బాపు కిందికి వెళ్లి, మట్టి మోసే ఇనుప తట్టలో ఇసుక పోసుకుని వచ్చాడు. రెండు గుడ్డలతో ల్యాప్‌టాప్‌ను పట్టుకుని, వంచకుండా ఇసుక మీద పెట్టి, ఇంటికి దూరంగా చేను గట్టు మీద దించి వచ్చాడు. దించిన తరువాత చాలాసేపు అక్కడే నిలబడి దాన్ని చూస్తూ ఉన్నాడు. రేకుల గది కిందే ఆయనా అవ్వా పడుకునేది.

ఆఫీసు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. ఫొటోలు పంపమన్నారు. పంపాను. కొరియర్‌లో పంపకూడదన్నారు, ప్రమాదమట. మరి ఎట్లా అని అడిగితే, "మీరే తీసుకురండి మేడం. మీ ఊరి నుంచి బస్సు ఉంటుంది కదా" అన్నాడు అవతలి మనిషి. కొరియర్ లారీలో వద్దన్నదాన్ని యాభై మంది ఉన్న బస్సులో తెమ్మంటున్నాడు. ఆ మాట ఆయనతో అన్నాను. "ప్రొసీజర్ అదే మేడం" అన్నాడు. ఆ సాయంత్రమే నిర్లక్ష్యం అని రాసిన మెయిల్ వచ్చింది. ఎవరూ ల్యాప్‌టాప్‌ను చూడలేదు. రెండు ఫొటోలు చూసి రాశారు.

మెయిల్‌లో ఏముందో బాపుకు అవ్వే చెప్పింది, నన్ను అడిగి తెలుసుకుని. ఆయన ఒకటే అడిగాడు. "నువ్వు ముందే చెప్పినవా, చెప్పలేదా?"

"మూడు సార్లు చెప్పిన."

"రాసి చెప్పినవా, నోటితోనా?"

"రాసి."

"మరి ఏడుస్తవెందుకు? పొద్దుగాల పోదాం నడువు."

మరునాడు తెల్లవారుతుండగా బంతిపూల బస్తాలు ట్రాలీ ఆటోకు ఎక్కించాం. బస్తాలకు దూరంగా, వెనుక తలుపు పక్కన ఇసుక తట్టను తాడుతో కట్టాడు బాపు. దాని మీద ఇంకో తట్ట బోర్లించాడు. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో దించి, అక్కణ్నుంచి ఆఫీసుకు వెళ్లాం. దారి పొడుగునా నేను అద్దంలో నుంచి ఆ తట్ట వైపే చూస్తూ కూర్చున్నాను. గుంతలు వచ్చినప్పుడల్లా బాపు ఆటోను నడిపిస్తున్నట్టు కాక మోస్తున్నట్టు నడిపాడు.

ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. ట్రాలీ ఆటో చూసి, సామాన్ల బండ్లు వెనుక గేటుకు వెళ్లాలన్నాడు. నేను మెడలోని కార్డు చూపించాను. కార్డు ఉన్నవాళ్లు నడిచి రావచ్చు, బండి మాత్రం వెనుకకే అన్నాడు. తట్ట బరువు. నేనొక్కదాన్నీ మోయలేను. వెనుక గేటుకే వెళ్లాం. అక్కడ బాపును లోపలికి రానివ్వలేదు. క్యాంటీన్‌కు కూరగాయలు దించే మనిషి ఒకాయన తట్టకు రెండో వైపు చేయి వేశాడు. నాలుగేళ్లు పని చేసిన ఆఫీసులోకి కూరగాయల లిఫ్టులో వెళ్లాను.

ల్యాప్‌టాప్‌లు తీసుకుని ఇచ్చే గది నేల కింది అంతస్తులో ఉంది. అక్కడ నలభై దాటిన ఒకాయన కూర్చుని ఉన్నాడు. కాంట్రాక్ట్ మనిషని కార్డు రంగు చూస్తే తెలిసింది. ఇసుక తట్ట చూసి లేచి నిలబడ్డాడు.

"ఇసుకల పెట్టుమని ఎవరు చెప్పిన్రు?"

"మా బాపు."

"మంచి పని చేసిండు. ఇంతవరకు ఎవరూ గిట్ల తేలేదు. సంచీల వేసుకుని తెస్తరు, వద్దంటె వినరు. మీది ఏ దిక్కు?"

"చేవెళ్ల."

"మాది ప్రొద్దుటూరు. శంకర్‌పల్లి కాడ" అన్నాడు. చేతికి తొడుగులు వేసుకుని, ల్యాప్‌టాప్ తీసి ఒక ఇనుప బీరువా తెరిచాడు.

బీరువాలో అరలు అరలుగా ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. అన్నీ ఉబ్బినవే. కొన్నింటి మూతలు నోరు తెరిచినట్టు ఉన్నాయి. ఒకదాని వెనుక అట్ట పూర్తిగా ఊడిపోయింది. ప్రతిదానికీ ఒక చీటీ. నాకు దగ్గరగా ఉన్న చీటీ చదివాను. కారణం: వినియోగదారు నిర్లక్ష్యం. పక్కది చదివాను. అదే. కింది అరలోవీ అవే.

"ఇవన్నీ మీరే రాసిన్రా?" అని అడిగాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

ఆయనకు కోపం రాలేదు. కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. "నేను రాసుడు కాదమ్మా. చూడు, కారణం కాడ నొక్కితె మూడే వస్తయి. కింద పడ్డది. నీళ్లు పడ్డయి. నిర్లక్ష్యం. బ్యాటరీ తనంతల తను చెడిపోయిందని రాసెతందుకు జాగ లేదు. ఏదో ఒకటి పెట్టకుంటె ఫారం ముందటికి పోదు."

"పైవాళ్లకు చెప్పలేదా?"

"రెండు సార్లు చెప్పిన. కాంట్రాక్టోని మాట ఎవరు వింటరు?"

కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడు ఆయనే అడిగాడు, ఎనభై పెట్టాలా అని. పెట్టగలరా అంటే, తన దగ్గర పాస్‌వర్డ్ ఉందన్నాడు. "కానీ నువ్వు ఇంటికి పోయేసరికి సర్వర్ మల్ల నూటికి తెస్తది. పైనుంచి మార్చాలె. అక్కడ మారిస్తె అందరియి ఒక్కపారే మారుతయి." సేటు చెప్పిన రెండు నిమిషాలు అవే.

గది నుంచి బయటికి వచ్చేసరికి నాలో ఏదో గట్టిపడింది. పొద్దున దాకా నా పేరు పక్కన రాసిన మాట గురించే కోపం. ఆ బీరువా చూశాక, ఎంత మంది ఇళ్లలో, ఎంత మంది పడకల పక్కన ఆ ల్యాప్‌టాప్‌లు పడి ఉన్నాయో అనిపించింది. వాళ్లందరూ తమదే తప్పనుకుని ఊరుకుని ఉంటారు.

క్యాంటీన్‌లో కూర్చుని మెయిల్ రాశాను. మూడు టికెట్లు, వాటి జవాబులు పెట్టాను. ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉండాలన్న లీడ్ చాట్‌ను ఫొటో తీసి పెట్టాను. ఇసుకలో ఉన్న ల్యాప్‌టాప్ ఫొటో పెట్టాను. ఫారంలో మూడే కారణాలు ఎందుకున్నాయని అడిగాను. బీరువా సంగతి మాత్రం రాయలేదు, ప్రొద్దుటూరు ఆయన మీదికి వస్తుందని. లీడ్‌కు, ఆయన పై మేనేజర్‌కు, కంప్యూటర్ల విభాగం పెద్దకు, భద్రత చూసే కమిటీకి, అందరికీ ఒకేసారి పంపాను. పంపే ముందు మళ్లీ చదవలేదు. చదివితే మెత్తబరుస్తానని తెలుసు.

పది నిమిషాల్లో లీడ్ కిందికి వచ్చాడు. ఆ రోజు ఆయన ఆఫీసులోనే ఉన్నాడు. నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

"ఇదంతా ఇంత మందికి పెట్టాల్సిన అవసరం ఏముంది? నాకు ఒక్క కాల్ చేసుంటే సరిపోయేది కదా."

"మీకు అందరి ముందట చెప్పిన. మీరు జోకు వేసిన్రు."

"నేను కాల్ కట్ కాకూడదు అన్నాను. బ్యాటరీ పాడుచేయమని అనలేదు."

"మీరన్నట్టు చేస్తే పాడైతదని నేను ఆ రోజే చెప్పిన. టికెట్లల రాసి కూడ పెట్టిన."

ఆయన గొంతు తగ్గించాడు. "చూడండి, మీరు ఇప్పుడు చాలా ఎమోషనల్‌గా ఉన్నారు. ఇంటికి వెళ్లి రెస్ట్ తీసుకోండి. రేపు మాట్లాడుకుందాం."

"నేను కోపంగ ఉన్న. మా అవ్వ, బాపు ఆ గది కింద పండుతరు. ఎమోషనల్ ఎందుకు, మీరు కోపం అనే మాటే అనొచ్చు."

పక్క బల్ల దగ్గర తింటున్నవాళ్లు మా వైపు చూశారు. ఆయన లేచి వెళ్లిపోయాడు. నాకు మాట పోలేదు. నా జీవితంలో కోపం వచ్చినప్పుడు మాట పోకపోవడం అదే మొదటిసారి.

బయటికి వస్తే బాపు రోడ్డుకు అవతల టీ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. వెనుక గేటు ముందు బండి ఆపొద్దని మూడు సార్లు జరిపించారట. ఏమైందని అడగలేదు. "తిన్నవా?" అన్నాడు. లేదన్నాను. తిరుగు దారిలో మొయినాబాద్‌లో ఆగి ఇడ్లీ తిన్నాం. ఎదురుగా సేటు షాపు తెరిచే ఉంది. నేను వెళ్లలేదు. చెప్పినట్టే అయిందని ఆయనతో చెప్పడానికి ఆ రోజు నాకు ఓపిక లేదు.

రెండు వారాలు ఎవరూ జవాబు ఇవ్వలేదు. తరువాత ఒక శుక్రవారం కంపెనీ మొత్తానికి మెయిల్ వచ్చింది. ఉద్యోగుల భద్రత తమకు అన్నిటికంటే ముఖ్యమనీ, అందుకే ఇక నుంచి అన్ని ల్యాప్‌టాప్‌లూ ఎనభై శాతం దగ్గర చార్జింగ్ ఆపుకుంటాయనీ ఉంది. మానిటర్‌కు తగిలించి పని చేసేవాళ్లు మూత కొంచెం తెరిచి ఉంచాలనీ, వేడి చోట పెట్టొద్దనీ, ఉబ్బినట్టు కనిపిస్తే వాడటం ఆపి వెంటనే చెప్పాలనీ సలహాలు ఇచ్చారు. అన్నీ నా మూడు టికెట్లలో ఉన్నవే. చివర, ఈ మార్పుకు చొరవ చూపినందుకు కొందరికి ధన్యవాదాలు చెప్పారు. ఆ పేర్లలో మా లీడ్ పేరు ఉంది. నాది లేదు.

టీమ్ చాట్‌లో అందరూ ఆయనకు చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఆ రోజు నేను పెట్టలేదు.

నా ఫారంలో కారణం మార్చారు. ఫారంలోకి నాలుగో గడి ఒకటి కొత్తగా వచ్చింది, 'ఇతర కారణాలు' అని. నాది అందులో పడేశారు. ఎవరు చేశారో, ఏమనుకుని చేశారో తెలియదు. క్షమించమని ఒక్కరూ అనలేదు. ఆ ఏడాది నా పనికి ఇచ్చిన రేటింగ్ పక్కన, టీమ్‌తో కలిసి నడవడం నేర్చుకోవాలని రాశారు. ఇంకో పది నెలలు అక్కడే పని చేశాను. లీడ్ నాతో ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడాడు, మునుపటి కంటే ఎక్కువ మర్యాదగా. డెమోలో తెర పంచుకోమని మాత్రం మళ్లీ అడగలేదు.

మానేయడానికి నెల ముందు, వేరే టీమ్ నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఎప్పుడూ చూసిన మనిషి కాదు. దొంతన్‌పల్లి దగ్గర ఉంటానని చెప్పింది. ఆమె ల్యాప్‌టాప్ నాకంటే ముందే ఉబ్బిందట. మంచం మీద, పసిబిడ్డ పక్కన ఉండగా. ఆమె చీటీ మీద నిర్లక్ష్యం అనే ఉంది, ఇప్పటికీ. దాన్ని మార్చమంటే, పాత ఫారాలు మార్చే వీలు లేదన్నారట.

"నీది మార్చిన్రని విన్న అక్కా. ఎట్ల అడిగినవ్?" అంది.

"టికెట్ ఏమన్న పెట్టినవా ముందు?"

"లేదు. నాకు తెల్వదు ఇవన్నీ. బ్యాటరీకి సెట్టింగ్ ఉంటదనే తెల్వదు. నేను పిల్లను పక్కకు ఏసుకుని పని చేసిన, నా తప్పే కావచ్చు."

"నీ తప్పు కాదు" అన్నాను. "తెలిసి అడిగినదాన్ని నేను. నాకే ఇయ్యలేదు. తెలిస్తే నీకు ఇచ్చేటోళ్లా?"

ఫోన్‌లో వెనుక నుంచి పిల్ల ఏదో అడుగుతుంటే "ఆగు నాన్నా" అంది.

ఆమె తారీఖులు, ఫొటోలు పంపింది. మెయిల్ నేను రాసిపెట్టాను. రాసేటప్పుడు పాత కోపమంతా మళ్లీ పైకి వచ్చింది. వాక్యాలు గట్టిగా పడ్డాయి. ఒకచోట ఆమె, "ఇది జర మెత్తగ రాయరాదు అక్కా, నాకు ఉద్యోగం కావాలె" అంది. ఆ ఒక్క వాక్యం మెత్తబరిచాను. మిగతాది మార్చనివ్వలేదు. మధ్యాహ్నం రెండింటికి ఆమె పంపింది. నాలుగింటికి మొదటి జవాబు వచ్చిందని నాకు ఫోన్ చేసి చదివి వినిపించింది. విషయం పరిశీలిస్తామన్నారు. ఇంకో మెయిల్ సిద్ధం చేసుకుందాం అన్నాను.